మీరు లేచి వెళ్లినా తిరుగుతూనే ఉన్న పాట

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు పెళ్లికి వెళ్లి రెండు గంటలైంది. హడావుడిలో లాప్‌టాప్ మూత కూడా వెయ్యలేదు. మీ క్రోనో ట్రిగర్ వీడియో గేమ్‌లో మీ కుర్రాడు, ఆకాశంలో తేలే ఆ ఊళ్లో మీరు ఎక్కడ వదిలేశారో అక్కడే నిలబడి ఉన్నాడు. పాట మాత్రం ఆగలేదు. ఒక చుట్టు పూర్తి కావడం, మళ్లీ మొదటికి రావడం. ఎక్కడ అయిపోతోందో, ఎక్కడ మొదలవుతోందో పట్టుకుందామని కళ్లు మూసుకుని కూర్చున్నాను. నాలుగో చుట్టుకు గానీ దొరకలేదు. ముప్పై ఏళ్లు నాటకాలకు హార్మోనియం వాయించిన చెవికి నాలుగు చుట్లు పట్టిందంటే, చేసినవాడు సామాన్యుడు కాడు. అందుకే కాగితం తీశాను. మీకే కాదు, మీలా ఇలాంటి ఆటలాడే పిల్లలు ఎవరైనా చదువుకోవచ్చు.

పద్యనాటకంలో హార్మోనిస్టు పనంటే పద్యానికి శ్రుతి ఇవ్వడమే అనుకుంటారు. కాదర్రా, అందులో సగం ఎదురుచూడటమే. కృష్ణుడికి కిరీటం సరిగ్గా కూర్చోదు. దుర్యోధనుడు మీసం కోసం వెతుక్కుంటూ ఉంటాడు. తెర పక్కనుంచి ఒక చెయ్యి మాత్రం కనబడి ఊగుతుంది, సాగదియ్యమని. ఎంతసేపో చెప్పరు. వాళ్లకూ తెలీదు మరి. అప్పుడు వాయించేదానికి రెండు గుణాలుండాలి. ఎంతసేపు సాగినా జనానికి విసుగు పుట్టకూడదు. ఏ క్షణాన కృష్ణుడు అడుగు పెట్టినా తెగినట్టు ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ముక్తాయింపు ఇవ్వకూడదు. ఇచ్చావా, జనం లేచి టీ కొట్టుకు పోతారు.

మీ ఆటకు పాట కట్టేవాడిదీ అదే తిప్పలు. ఆడే పిల్లాడు ఆ ఊళ్లో అర నిమిషం ఉంటాడో, అన్నం తినడానికి లేచిపోతాడో, ఇలా పెళ్లికే వెళ్లిపోతాడో తెలీదు. పైగా నాకైతే ఎదురుగా మనుషులుండేవాళ్లు, మొహాలు చూసి మార్చుకునేవాణ్ణి. అతనికి ఆ వీలు లేదు. అంతా ముందే కట్టిపెట్టి వెళ్లిపోవాలి.

అతని పేరు యసునోరి మిత్సుదా. మీ క్రోనో ట్రిగర్ జపాన్‌లో 1995 మార్చి 11న వచ్చింది. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. 1992లో ఈ ఆట చేసిన స్క్వేర్ కంపెనీలో చేరాడు. పాటలు కడదామని చేరితే చప్పుళ్లు చేసే పని అప్పజెప్పారు. కత్తి దెబ్బ, తలుపు కిర్రు, అలాంటివి. కొన్నాళ్లు ఓపిక పట్టి, చివరికి హిరొనొబు సకగుచి దగ్గరకు వెళ్లి పాటలు కట్టనివ్వకపోతే మానేస్తానన్నాడట. ఫైనల్ ఫాంటసీ ఆటలు మొదలుపెట్టిన పెద్దమనిషి సకగుచి. కోప్పడకుండా ఏకంగా ఈ ఆటే చేతిలో పెట్టాడు.

కుర్రాడు ప్రాణం పెట్టాడు. నిజంగానే పెట్టాడు. స్టూడియోలోనే పడుకునేవాడు. కట్టుకుంటున్న పాటలు నలభై దాకా హార్డ్ డిస్క్ చెడిపోయి గాల్లో కలిసిపోయాయి. చివరికి కడుపులో పుండు పడింది. మిగిలినవాటిలో పది దాకా నొబువో ఉయెమత్సు కట్టి పూర్తి చేశాడు. ఆయన ఫైనల్ ఫాంటసీకి సంగీతం కట్టే పెద్దాయన, సాయం పట్టడం చిన్నతనం అనుకోలేదు. నొరికో మత్సుఎదా అనే ఆవిడ చెయ్యి కూడా ఒక పాటలో ఉంది. ఆట చివర్లో వచ్చే 'దూర కాలాలకు' పాట మిత్సుదాకి కలలో తట్టిందట. నాకూ కలలో బోలెడు వరసలు తట్టేవి, తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండేది కాదు. అతని దగ్గర పాట నేర్చుకోండి గానీ, తిండీ నిద్రా మానడం నేర్చుకోకండి. మీ అమ్మ నన్నంటుంది.

ఇప్పుడు ఆ పాటలు చేసే పని చూడండి. ఈ ఆటంతా కాలంలో ముందుకూ వెనక్కీ తిరగడమే కదా. క్రీస్తు శకం 1000లో గార్డియా రాజ్యంలో తిరునాళ్లతో మొదలవుతుంది. అక్కణ్ణుంచి 600కు వెళ్తారు. నేల అదే, కొండలు అవే, ఊరూ అక్కడే. నాలుగు వందల ఏళ్లు వెనక్కి వెళ్లామని కంటికి పెద్దగా తెలీదు. చెవికి తెలుస్తుంది. 1000లో మైదానం మీద నడుస్తుంటే పాట మెత్తగా, పొద్దున్నే తడి ఆరని పచ్చికలా ఉంటుంది. 600లో అదే మైదానం మీద 'గాలి బెంగ' అనే పాట. జపాను పేరుకు నేను పెట్టుకున్న తెలుగు అది. దాంట్లో ఏడుపు లేదు. ఎవరో రావాలి, ఇంకా రాలేదు, అంతే ఉంది. అప్పుడు అక్కడ యుద్ధం జరుగుతోందని మీరు తర్వాత తెలుసుకుంటారు. పాట ముందే చెప్పేసింది. ఆరున్నర కోట్ల ఏళ్ల వెనక్కి వెళ్తే డప్పులే డప్పులు. 2300కు వెళ్తే లోకం బూడిదై ఉంటుంది, పాట కూడా అడుగు తీసి అడుగు వెయ్యలేనట్టు నడుస్తుంది.

కప్ప సంగతి చెప్పకపోతే చిట్టితల్లి ఊరుకోదు. గ్లెన్ అనే యోధుణ్ణి మంత్రగాడు కప్పను చేసేశాడు కదా. చూస్తే పొట్టిగా, పచ్చగా, నవ్వొచ్చేట్టు ఉంటాడు. మన నాటకాల్లో అయితే అలాంటి వేషం రాగానే హార్మోనియం మీద కితకితలు పెట్టేవాళ్లం. మిత్సుదా అలా చెయ్యలేదు. నిండు సైన్యం కదిలినట్టు డోలు దరువు, దాని మీద ఈల. కంటికి కప్ప, చెవికి వీరుడు. వాడు తనను తాను నమ్ముకోకముందే పాట వాణ్ణి నమ్మేసింది. 2021లో టోక్యో ఒలింపిక్స్ ప్రారంభంలో దేశదేశాల ఆటగాళ్లు నడిచొచ్చేటప్పుడు వాయించిన ఆటల పాటల్లో ఈ కప్ప పాట కూడా ఉంది. కప్పను చేసిన మంత్రగాడి కథ ఎటు పోతుందో నాకు చెప్పొద్దని ఒట్టు పెట్టారు గనక నేనూ ఇక్కడితో ఆపుతున్నాను.

పోరాటం పాటల దగ్గర ఆగను. అవి వాటి పని చేస్తాయి, నాకు పెద్దగా ఎక్కవు.

ఇప్పుడు గదిలో తిరుగుతున్న పాట పేరు 'కాలపు నడవాలు'. క్రీస్తు పూర్వం 12,000. కింద నేలంతా మంచు తుపాను. ఒక వెలుగు దారిలోంచి పైకి తేలితే మబ్బుల మీద జీల్ రాజ్యం, అక్కడ ఈ పాట. మొదటిసారి విన్నప్పుడు పెద్దాడు గేమ్ ఆపి నా వైపు చూశాడు, గుర్తుందా? "తాతయ్యా, ఇది మన వాయిద్యంలా లేదూ?" అన్నాడు. అవున్రా, సితార్ లాంటి నాదం, తబలా లాంటి దరువు. కానీ సితార్ రంగు తీసుకున్నాడే గానీ సితార్ వ్యాకరణం తీసుకోలేదు. తప్పనడం లేదు. హార్మోనియం కూడా పరాయి దేశం నుంచి వచ్చి మన పద్యం నేర్చుకున్నదే కదా.

ఏ రాగం అని అడిగారు. హార్మోనియం తీసి వెతికాను. దొరికినట్టే ఉంటుంది, జారిపోతుంది. ఎందుకో చెప్తా. మన పాటలో తంబూరా మొదట పట్టిన షడ్జమం, అదే 'స', చివరిదాకా కదలదు, ఇంటి పునాదిలాగ. స్వరాలు దాని మీదే తిరుగుతాయి. మిత్సుదా పాటలో పైన స్వరాలు కదులుతుంటే కింద పునాదీ కదులుతుంది. కింద కలిసి పలికే ఆ స్వరాల గుంపుల్ని కార్డ్స్ అంటారు మీరు. ఒకే స్వరం, కింద నేల జరిగేసరికి ఇందాక తీపిగా ఉన్నది ఇప్పుడు దిగులుగా వినబడుతుంది. తేలే ఊరికి కదలని పునాది ఎలా పెడతాడు చెప్పండి?

అసలు ఆశ్చర్యం అది కాదు. ఇదంతా ఎంత ఇరుకు గదిలో కట్టాడో తెలిస్తే మీకు నమ్మకం కుదరదు. ఈ ఆట మొదట సూపర్ ఫామికామ్ అనే ఆటల పెట్టె మీద వచ్చింది. అందులో శబ్దం చూసుకునే చిప్పు సోనీది. దాన్ని రూపొందించిన కెన్ కుటరాగే తర్వాత ప్లేస్టేషన్ తెచ్చాడు. ఆ చిప్పుకు ఎనిమిది గొంతులు. ఒక్కసారి ఎనిమిది నాదాలు పలుకుతాయి, తొమ్మిదోది పలకదు. శబ్దానికి ఉన్న చోటు 64 కిలోబైట్లు. నేను రోజూ ఫ్యామిలీ గ్రూపులో పెట్టే గుడ్ మార్నింగ్ బొమ్మ, మీరు విసుక్కునేది, అది కూడా ఇంతకన్నా పెద్దదే! ఆ చోటంతా పూర్తి నాణ్యత గల శబ్దంతోనే నింపినా మూడున్నర సెకన్లు దాటి కొంచెం వస్తుంది, అంతే.

మరి సితార్, ఈల, డోలు ఎలా పట్టాయి? ప్రతి వాయిద్యం నుంచీ చిటికెడు ముక్క తీసుకుంటారు. పిల్లనగ్రోవి అనుకోండి. ఊదిన మొదటి 'ఫూ', ఆ తర్వాత నిలకడగా ఉన్న చోట ఒక చిన్న నలుసు. ఆ నలుసునే గిరగిరా తిప్పుతూ ఉంటే స్వరం నిలబడ్డట్టు ఉంటుంది. స్వరస్థానం మార్చాలంటే ముక్కను వేగంగానో నిదానంగానో చదివిస్తారు. క్యాసెట్ వేగంగా తిరిగితే గొంతు సన్నబడేది చూడండి, అలా. మీరు క్యాసెట్ చూడలేదు కదూ, మరచిపోయాను. అలా మరీ పైకి లాగితే గొంతు చిన్నపిల్లాడిదైపోతుంది గనక, ఎంతలో ఆగాలో తెలియాలి. గుళ్లో మోగినట్టు మారుమోత కావాలంటే చిప్పులో ఆ వీలుంది గానీ దానికీ చోటు ఆ 64లోంచే. బాగా పొడుగైన మారుమోత పెడితే దాదాపు సగం చోటు అదే తినేస్తుంది. ఇక కత్తి దెబ్బ మోగాలన్నా ఆ ఎనిమిది గొంతుల్లోంచే ఒకటి ఇవ్వాలి. అప్పుడు పాటలో ఒక వాయిద్యం క్షణం సేపు తప్పుకుని దారిస్తుంది. మా నాటకంలో పద్యం అందుకోగానే తబలా అతను చెయ్యి ఎత్తేసేవాడు, అలా. ఆడేవాడికి తెలియకుండా తప్పుకోవడంలోనే ఉంది పనితనం.

పెద్దాడు నా ఫోన్‌లో ఆల్బమ్ మొత్తం వేసిచ్చాడు కదా. ఆట వచ్చిన రెండు వారాలకు, 1995 మార్చి 25న వచ్చింది అది. మూడు సీడీలు, 64 పాటలు. రోజూ పొద్దున్న నడకలో వింటున్నాను. ఇక్కడ కత్తులు లేవు, తలుపులు లేవు. ఆటలో దారిచ్చి తప్పుకున్న వాయిద్యాలు ఇక్కడ తప్పుకోనక్కర్లేదు. పోరాటం మధ్యలో మీకు వినబడని కింది గొంతు నాకు తాపీగా వినబడుతుంది. అందుకే ఆట ఆడకపోయినా ఆ పాటల్లో మీకు తెలియని మూలలు నాకు తెలుసు. గొప్ప చెప్పుకుంటున్నాను, చెప్పుకోనివ్వండి.

కానీ ఒక నష్టం ఉంది. సీడీ మీద పాట ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. చాలా పాటలు రెండు చుట్లు తిరిగి, మూడోది మొదలవుతున్నట్టే ఉండి సన్నగా అణిగిపోతాయి. ముక్తాయింపు లేని పాటకు ముగింపు ఎలా పెడతారు పాపం, గొంతు తగ్గించుకుంటూ పోవడం తప్ప. మొదట్లో నాకు చిరాకేసేది. నడక మధ్యలో గాలి బెంగ పుంజుకుంటుంటే ఎవరో తలుపు మెల్లగా వేసేసినట్టు. ఆటలో అయితే ఆ ఊళ్లో ఎంతసేపు ఉండాలో మీ ఇష్టం. ఆల్బమ్‌లో ఎవరో ముందే నిర్ణయించి పెట్టారు.

ఆ 64 పాటల్లో ఒకటి మీరు బహుశా విని ఉండరు. మొదట వచ్చిన ఆటలో అయితే ఎంత ఆడినా వినబడదు. పేరు 'పాడే కొండ'. ఆ పేరుతో ఆటలో ఒక చోటు పెడదామనుకుని, చివరికి తీసేశారట. చోటు పోయింది, పాట మిగిలింది. దాన్ని సీడీలో పెట్టారు. ఆ కొండ మీద ఈ పాట వింటూ నడిచే కుర్రాడు లేడు, ఎక్కే దారి లేదు, ఆ కొండ ఎలా ఉండేదో చూసినవాళ్లు లేరు. నేను మాత్రం కాలవగట్టు మీద నడుస్తూ దాన్ని ఎక్కుతుంటాను. నా కొండకు కింద చింతచెట్టు ఉంది, సగం దూరంలో కూర్చోవడానికి ఒక బండ ఉంది. మీరొచ్చాక చెవిలో పెడతాను. మీకు ఏం కనబడుతుందో నాకు చెప్పకుండా కాగితం మీద గీయండి. చిట్టితల్లి ముందు గియ్యాలి, పెద్దాడు చూసి గీస్తాడు.

చీకటి పడింది. పాట ఇంకా తిరుగుతోంది. ఛార్జర్ పెట్టాను, కీబోర్డు ముట్టుకోలేదు, మీ కుర్రాడు నిలబడ్డ చోటునుంచి కదల్లేదు. సౌండ్ తగ్గించమని నాయనమ్మ వంటింట్లోంచి రెండుసార్లు అరిచింది. సగం తగ్గించాను. ఇందాక పప్పు తాలింపు పెడుతూ ఆ వరసే తను కూనిరాగం తీస్తోంది. నేను విన్నానని తనకు చెప్పకండి.

మీ
తాతయ్య