ఆక్సిజన్ తగ్గిన సముద్రంలో చేపలు: అపోహలు - వాస్తవాలు

చేప ఎంత ఆక్సిజన్ వాడుతుందో కొలవడం నా పని. మూసిన తొట్టిలో చేపను ఉంచి, నీటిలో ఆక్సిజన్ తగ్గే తీరు గంటలకొద్దీ చూస్తుంటాం. తరచూ వినే మాటలివి.

అపోహ: నీటిలోనే ఆక్సిజన్ ఉందిగా, చేపకు కొరతేంటి?

వాస్తవం: మొప్పలు నీటి అణువును విడగొట్టలేవు. కరిగిన ఆక్సిజన్ మాత్రమే పనికొస్తుంది. లీటరు గాలిలో దాదాపు 280 మిల్లీగ్రాములుంటే, వెచ్చని సముద్రపు నీటిలో 7 ఉంటే గొప్ప. 2 కన్నా తగ్గితే హైపాక్సియా అంటాం.

అపోహ: ఆక్సిజన్ తగ్గితే చేప గబగబా ఊపిరి తీసుకుంటుంది, అంతే.

వాస్తవం: మొదట చేసేది అదే. కానీ నీటి సాంద్రత గాలికంటే దాదాపు 800 రెట్లు ఎక్కువ. దాన్ని మొప్పల గుండా తోడటానికే బోలెడు ఆక్సిజన్ ఖర్చు. అందుకే చాలా చేపలు పొదుపు మొదలుపెడతాయి. ఈత తగ్గిస్తాయి, మేత మానేస్తాయి (తిన్నది అరగాలన్నా ఆక్సిజన్ కావాలి మరి). గుండె నెమ్మదిస్తుంది. ఎర్రరక్తకణాల్లో ఏటీపీ, జీటీపీ అనే అణువులు తగ్గి, ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ దాన్ని మరింత గట్టిగా పట్టుకుంటుంది. ఆస్ట్రేలియా పగడపు దిబ్బల మీద తిరిగే ఎపాలెట్ షార్క్ ఇందులో ఆరితేరింది. రాత్రి పోటు తగ్గి మడుగుల్లో చిక్కుకుంటే, శరీరం పనినే తగ్గించుకుని గట్టెక్కుతుంది. నాకు ఇష్టమైన చేప ఇదే.

అపోహ: నీటి పైకొచ్చి నోరు తెరిచే చేప గాలి మింగుతోంది.

వాస్తవం: చాలా చేపల విషయంలో కాదు. గాలికి తగిలే పైపొర నీటిలో ఆక్సిజన్ ఎక్కువ, అవి తోడుకునేది ఆ నీటినే. కొత్తలో నేనూ పొరబడ్డాను.

అపోహ: ఆక్సిజన్ లేమి ఉన్న పొరల్లో చేపలే ఉండవు.

వాస్తవం: అరేబియా సముద్రంలో సుమారు 200 నుంచి 1000 మీటర్ల లోతు దాకా అలాంటి మందమైన పొర ఉంది. లాంతరు చేపలు (ఒంటి మీద వెలుగు చిమ్మే చిన్న చేపలు) పగలంతా అందులోనే దాక్కుని, రాత్రి మేతకు పైకొస్తాయి.

అపోహ: ట్యూనా ఎక్కువగా పడుతోందంటే సంఖ్య పెరిగినట్టే.

వాస్తవం: ఈ మాట వింటే నాకు టెన్షన్. ట్యూనా ఆగకుండా ఈదుతుంది, ఆక్సిజన్ ఖర్చూ ఎక్కువే. అది లాంతరు చేపలా కింద కాలక్షేపం చేయలేదు. ఉష్ణమండల తూర్పు పసిఫిక్‌లోలా ఆ పొర పైకి ఉన్నచోట, మిగిలిన పలుచటి పైనీటిలోనే ట్యూనాలు, మార్లిన్ అనే పెద్ద చేపలు కిక్కిరిసి ఉంటాయి. వల వేసేదీ అక్కడే.