మూత బిగించారా పిల్లలూ?

చిరంజీవులకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో మీ గొంతు విన్నప్పటి నుంచి ఈ నాలుగు మాటలు రాయాలని మనసులో ఉంది. అమెరికా వచ్చాక రూపాయి రూపాయి కూడబెట్టి కొనుక్కున్న పాత కారు, వారం తిరగకుండానే స్టీరింగు ముందున్న పలకలో ఇంజను బొమ్మ దీపం వెలిగితే కంగారు పుట్టదా! కారు ఇంటి దగ్గరే వదిలేసి బస్సెక్కామన్నారు. ఒక్క సంగతి గుర్తు చేసుకోండి. మొన్న పెట్రోలు పోసుకున్నాక టాంకు మూతను టక్‌టక్‌మనే దాకా తిప్పారా? అది వదులైనా ఆ దీపం వెలుగుతుంది.

ఇంత చిన్న మూతకు అంత పెద్ద దీపం ఎందుకో చెబుతాను. కర్పూరం డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే బిళ్లలు రోజురోజుకూ అరిగిపోతాయి. అందుకే నాయనమ్మ అందులో నాలుగు మిరియపు గింజలు వేసి మూత బిగించేది. పెట్రోలు అంతకన్నా వేగంగా ఆవిరైపోతుంది. ఆ ఆవిరి, వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిస్తే ఓజోన్ పుడుతుంది. పై ఆకాశంలో మనల్ని కాపాడే ఆ ఓజోనే నేల మీద పసిపిల్లల ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. లాస్ ఏంజిలస్‌ను కమ్మేసిన పొగ ఇలా పుట్టిందేనని 1950ల్లో ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. టాంకులోని ఆవిరిని బయటకు వదలకూడదన్న నియమం 1970లో కాలిఫోర్నియాలోనూ, మరుసటి ఏడాది అమెరికా అంతటా వచ్చింది.

ఇప్పుడు మీ కారులో ఆ ఆవిరి బొగ్గు నింపిన ఒక డబ్బాలోకి వెళ్తుంది. బొగ్గు దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు ఒక వాల్వు తెరుచుకుంటుంది, ఇంజను ఆ ఆవిరిని లోపలికి లాగి మండిస్తుంది. ఈ ఏర్పాటు తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

1996 మోడల్ నుంచి ఇక్కడి కార్లలో కంప్యూటరే ఇలాంటి లోపాలను కనిపెట్టి దీపం వెలిగిస్తుంది. టాంకును అన్ని వైపులా మూసి, ఒత్తిడి నిలుస్తోందా లేదా అని చూస్తుంది. గాస్కెట్ వదులైన కుక్కర్ కూత వేయదు కదా, అదే సూత్రం. అర మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా పట్టుకోగలిగే కార్లున్నాయి. అయితే టాంకు మరీ నిండుగా ఉన్నా, మరీ ఖాళీగా ఉన్నా ఈ పరీక్ష జరగదు. అందుకే మూత వదులైన రోజు కాకుండా, ఒకటి రెండు రోజులు పోయాక దీపం వెలుగుతుంది. బిగించిన వెంటనే ఆరదు కూడా. కొన్నాళ్లు మామూలుగా నడపాలి.

మూత తీసి వెలుతురులో పట్టుకుని చూడండి. లోపలి అంచు చుట్టూ నల్లటి రబ్బరు రింగు ఉంటుంది. గోటితో నొక్కితే మెత్తగా అణగాలి. గట్టిపడి, వెంట్రుకంత బీట వారినా ఆవిరి పోతుంది. ఒకసారి నా కారుకు ఎంత బిగించినా దీపం ఆరలేదు. చూస్తే ఆ రింగుకు ఒక ఎండు గడ్డిపరక అంటుకుని ఉంది. తుడిచి బిగించాను, వారానికి ఆరిపోయింది.

మూతే పోయి ఉంటే మాత్రం గుడ్డ కుక్కకండి. అది పెట్రోలు పీల్చుకుని దీపపు ఒత్తిలా తయారవుతుంది. మీ కారు మోడల్, సంవత్సరం చెప్పి సరిపడే మూత కొనండి, పెద్ద ఖర్చేమీ కాదు. అంతవరకు కారు ఆగిపోదు కానీ పెట్రోలు వాసన వస్తుంది, దుమ్ము, వాన నీరు లోపలికి చేరే వీలుంటుంది.

దీపం నిలకడగా వెలుగుతోందా, మినుకుమినుకుమంటోందా అన్నది నిన్న అడగలేకపోయాను. మినుకుమంటే అది మూత సంగతి కాదు. సిలిండరులో పెట్రోలు సరిగ్గా మండటం లేదని అర్థం. కారు అసలు తీయకండి, మెకానిక్‌కు ఫోను చేయండి. నిలకడగా ఉండి, మూత బిగించాక కూడా ఆరకపోతే విడిభాగాల దుకాణానికి వెళ్లండి. చాలాచోట్ల డబ్బు తీసుకోకుండానే, కారు కంప్యూటరు లోపానికి గుర్తుగా దాచుకున్న కోడు చదివి చెబుతారు. పి0457 అని వస్తే సాధారణంగా మూత దగ్గరే లోపం.

రేపు తరగతులు అయ్యాక ఆ రబ్బరు రింగు ఫోటో తీసి నాకు పంపండి.

మీ పెద్దమ్మ