ఒత్తిగిల్లలేని ఒంటికి కాపలా

ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రలో ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉండడు. తుంటి మీదో మడమ మీదో బరువు నిలిచిపోతే నరాలు ఆ సంగతిని మెదడుకు చేరవేస్తాయి, పూర్తిగా మెలకువ రాకుండానే ఒత్తిగిల్లుతాడు. పక్షవాతం వచ్చినవారిలో, మతిమరుపు వ్యాధి ముదిరినవారిలో, తుంటి విరిగి మంచం పట్టినవారిలో ఈ ఏర్పాటు దెబ్బతింటుంది. వృద్ధాశ్రమాల్లో మంచం పుండ్లకు మూలం ఇక్కడే ఉంది.

శరీరధర్మ శాస్త్రవేత్త యూజీన్ లాండిస్ 1930లో గోటి మొదట్లోని కేశనాళికల్లోకి (అతి సన్నని రక్తనాళాల్లోకి) సన్నని గాజుగొట్టం పంపి కొలిచినప్పుడు, రక్తం ప్రవేశించే వైపున పీడనం సగటున 32 మిల్లీమీటర్ల పాదరసం ఉన్నట్టు తేలింది. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగే కండరం మీద ఒత్తిడి ఇంతకంటే చాలా ఎక్కువగా ఉండగలదు, అప్పుడు ఆ నాళాలు మూసుకుపోయి రక్తం అందదు. కండరం చర్మం కన్నా సుకుమారమైనది కాబట్టి, పైన రూపాయి బిళ్లంత మచ్చ కనిపించేసరికి లోపల అంతకంటే పెద్ద గుంట ఏర్పడి ఉండవచ్చు. తలవైపు మంచాన్ని బాగా ఎత్తినా ఇదే ప్రమాదం: ఒళ్లు కిందికి జారుతుంది, చర్మం దుప్పటిని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది, మధ్యలోని రక్తనాళాలు సాగి మూసుకుపోతాయి. భోజన సమయంలో తప్ప 30 డిగ్రీలకు మించి ఎత్తవద్దని చెప్పేది అందుకే.

వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపే తొలి గుర్తు అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది తెల్లతోలును చూసి రాసిన మాట. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు చాలాసార్లు కనిపించదు. స్నానం చేయించేటప్పుడో డైపర్ మార్చేటప్పుడో వెన్ను చివర, తుంటి దగ్గర, మడమల మీద చేయి వేసి, చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తగా దిగుతోందా, నొప్పి ఉందా అని చూడాలి. అనుమానం వస్తే ఆ చోటును మర్దన చేయకూడదు, మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రని దిండును దాని కింద పెట్టకూడదు. ఆ దిండు అంచులే రక్తప్రసారాన్ని అడ్డుకుంటాయి. పిక్కల కింద దిండు ఉంచి మడమలు గాలిలో ఉండేలా చేయడం మేలు.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది పాత నియమం. అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో రెండు, మూడు, నాలుగు గంటల వ్యవధుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే అక్కడ వాడినవి దట్టమైన ఫోమ్ పరుపులు. మధ్యలో కుంగిన పాత పరుపు మీద ఈ సడలింపు వర్తిస్తుందని నేను అనుకోను.

ముదిమిలో చర్మం ఉల్లిపొర కాగితంలా పలచబడుతుంది. ఆయమ్మ చేతి గాజు తగిలినా, ప్లాస్టర్‌ను గబుక్కున లాగినా ముంజేతి మీద తోలు లేచిపోతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని 14 వృద్ధాశ్రమాల్లో చేసిన పరీక్షలో, వాసన లేని మాయిశ్చరైజర్‌ను రోజుకు రెండుసార్లు కాళ్లకు, చేతులకు రాస్తే ఇలాంటి గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. లేచిన తోలును కత్తిరించకుండా, సెలైన్‌తో కడిగి, తడి దూదితో మెల్లగా యథాస్థానానికి జరిపి, అంటుకోని పట్టీ వేయాలి. ఏ దిక్కుగా తీయాలో పట్టీ మీద బాణం గుర్తు గీస్తే, తర్వాతి షిఫ్టువారు అతికిన తోలును మళ్లీ లేపకుండా ఉంటారు.

పుండును గాలికి ఆరనివ్వాలన్న నమ్మకాన్ని పరిశోధకుడు జార్జ్ వింటర్ 1962లో పందుల మీద చేసిన ప్రయోగంతో ప్రశ్నించాడు. తేమ నిలిచిన గాయాల మీద కొత్త చర్మం సుమారు రెట్టింపు వేగంతో పరుచుకుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్త కణాలనూ చంపుతాయి. మడమ మీద చీము, వాపు లేకుండా గట్టిగా అతుక్కున్న నల్లని పెచ్చును మాత్రం నానబెట్టకుండా, పొడిగా వదిలేయడమే మంచిది. దుర్వాసన, జ్వరం, చుట్టూ వ్యాపించే వాపు ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పుండు పూడాలంటే కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే డాక్టర్ చెప్పినంతే. 50 కిలోల మనిషికి అది 62 నుంచి 75 గ్రాములు. చారన్నం, మజ్జిగన్నంతో అంత రాదు. ఒక్కో గుడ్డులో సుమారు ఆరు గ్రాములు ఉంటుంది కాబట్టి, ఆదివారం చూడవచ్చేవారు యాపిల్ పండ్ల సంచికి బదులు ఉడికించిన గుడ్లు తెచ్చినా తప్పులేదు.