రోడ్డు ఆగిన చోటు నుంచి కాన్పు గది దాకా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తల్లీబిడ్డల సేవల వెనుక కథ

గర్భిణి చేతికిచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు తెరిచి చూడండి. అందులో రెండు చేతిరాతలు ఉంటాయి. రక్తపోటు, హిమోగ్లోబిన్, టీడీ (ధనుర్వాతం) ఇంజక్షన్ తేదీలు ఏఎన్ఎం, అంటే ఊళ్లో తిరిగే ఆరోగ్య శాఖ నర్సు రాసినవి. బిడ్డ పుట్టాక నెలనెలా బరువు చుక్కలు పెట్టి గీత కలిపేది అంగన్‌వాడీ టీచరు. ఒకరు ఆరోగ్య శాఖ మనిషి, ఇంకొకరు స్త్రీ శిశు సంక్షేమ శాఖ మనిషి. ఒకే పల్లెలో, ఒకే ఇంటి గడపలో తిరిగే ఈ ఇద్దరూ ఒకే కాగితం మీద రాయడానికి దాదాపు ముప్పై అయిదేళ్లు పట్టింది.

అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) 1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో మొదలైంది. అప్పుడు ప్రకటించిన సేవలు ఆరు. పూరక పోషకాహారం, బడి ముందు చదువు, ఆరోగ్య పోషణ అవగాహన అంగన్‌వాడీ చేతిలో ఉన్నవి. టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం మాత్రం ఆరోగ్య శాఖ వచ్చి చేస్తేనే జరిగేవి. అంటే కలిసి పనిచేయాలన్న షరతు మొదటి రోజే రాసిపెట్టి ఉంది. కలవనివి హద్దులు. ఏఎన్ఎం పనిచేసే ఆరోగ్య ఉపకేంద్రం మైదానంలో 5,000 మందికి ఒకటి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒకటి. అంగన్‌వాడీ మాత్రం కొన్ని వందల మందికి ఒకటి. ఒక్కో ఏఎన్ఎం కింద ఐదారు కేంద్రాలు వస్తాయి, కొన్నిచోట్ల వాటిలో ఒకటి వేరే సెక్టారు అంగన్‌వాడీ సూపర్‌వైజరు కిందికి పోతుంది. ఇద్దరి రిజిస్టర్లూ పక్కపక్కన పెడితే గర్భిణుల సంఖ్య తేడా రావడానికి సగం కారణం ఇదే. ఎవరి నిర్లక్ష్యమూ కాదు, ఇద్దరి పటాలు వేరు.

మన ప్రాంతంలో మూడో చేయి కూడా ఉంది. ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో గిరిజన ఉప ప్రణాళికతో పాటు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) వచ్చాయి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాక పార్వతీపురం ఐటీడీఏ విజయనగరం వైపు, సీతంపేట ఐటీడీఏ శ్రీకాకుళం వైపు పనిచేశాయి. సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు ఉండే గూడేలకు దారి, భవనం, నీళ్లు సమకూర్చే డబ్బు ఉన్నది వీటి దగ్గరే. డాక్టర్లు మాత్రం వైద్య శాఖ వాళ్లు. జీతం ఒకచోట, రోడ్డు ఇంకోచోట.

నాలుగోది మహిళా సంఘాలు. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు పథకాన్ని ముందుగా ఆరు జిల్లాల్లో మొదలుపెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం ఆ ఆరింటిలోవే. పొదుపు సంఘాలు గ్రామ సమాఖ్యలుగా కట్టుకున్నాక, గర్భిణులకూ బాలింతలకూ వండిపెట్టే పోషకాహార కేంద్రాలను ఆ సమాఖ్యలే నడిపాయి. తినేవాళ్లు ఖర్చులో కొంత భరించేవారు. ఇది గమనించాల్సిన విషయం. డబ్బు కట్టిన మనిషి పప్పు పలచబడితే అడుగుతుంది. 2013లో ప్రభుత్వం అమృతహస్తం పేరుతో ఒక పూట నిండు భోజనాన్ని అంగన్‌వాడీలోనే పెట్టడం మొదలుపెట్టింది: అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇంటికిచ్చే సరుకైతే అందరి కుండలోకి పోతుంది, అత్తా మరిదీ పిల్లలూ పంచుకుంటారు. అందుకే అక్కడే కూర్చోబెట్టి తినిపించాలన్నది ఆలోచన. 2020లో దీన్నే సంపూర్ణ పోషణగా మార్చి, గిరిజన మండలాలకు అదనపు సరుకులతో సంపూర్ణ పోషణ ప్లస్ తెచ్చారు.

ఆ భోజనం పళ్లెం దగ్గరే రెండు శాఖల పని ఎలా కలవాలో, ఎలా బెడిసికొడుతుందో స్పష్టంగా కనబడేది. గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర చొప్పున 180 రోజులు వాడాలి. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కాన్పయ్యాక మరో 180. మాత్రలు ఆరోగ్య శాఖ ఇస్తుంది, ఇంటికి తీసుకెళ్లాక డబ్బాలోనే ఉండిపోతాయి. కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది. మాత్రలు మింగితే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందన్న భయమూ ఉంది. కాబట్టి మధ్యాహ్నం అన్నం తిన్నాక టీచరు కళ్ల ముందే మింగించమన్నారు. మంచి ఉపాయమే. కానీ ఆ పళ్లెం పక్కనే పాల గ్లాసు ఉండేది. పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం మాత్ర కూడా అదే పూట మింగిస్తే ఇంకా నష్టం. రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. పాలు పొద్దున రాగానే ఇచ్చి, అన్నం తర్వాత ఐరన్, నిమ్మకాయో ఉసిరికాయో నంజుకోమని చెప్పిన కేంద్రాల్లో ఇదే మాత్ర పని చేసేది. టీ కూడా అంతే, మాత్ర వేసుకున్న గంటలో తాగకూడదు. ఈ చిన్న వరస టీచరుకు చెప్పాల్సింది ఏఎన్ఎం. నెలకోసారి జరిగే గ్రామ ఆరోగ్య పోషణ దినం అసలు ఇందుకే. టీకాలు వేసి సంతకాలు పెట్టించి వెళ్లిపోతే ఆ రోజు సగమే జరిగినట్టు.

హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత, 7 లోపు ఉంటే తీవ్రమైనది. 7 లోపు ఉన్నవాళ్లకు మాత్రలు చాలవు. ఆసుపత్రిలో చేర్చుకుని, నెలలను బట్టి సెలైన్‌లో ఐరన్ సుక్రోజ్ ఎక్కించాలి. మరీ తగ్గిపోయినా, నెలలు నిండాక బయటపడినా రక్తమే ఎక్కించాలి. అందుకే 12 వారాల లోపు పేరు నమోదు కావాలని పట్టుబట్టేది. ఎనిమిదో నెలలో తేలిన రక్తహీనతను బాగుచేసే గడువు ఉండదు.

ఇక ప్రయాణం. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005 ఏప్రిల్‌లో వచ్చింది. ఆసుపత్రి కాన్పుకు డబ్బిచ్చే జననీ సురక్ష యోజన, ఊరూరా ఆశా కార్యకర్తలు దానితో పాటే వచ్చాయి. అదే ఏడు ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాయి. ప్రభుత్వం ఖర్చు పెడుతుంది, బయటి సంస్థ నడుపుతుంది. 2011 జూన్ 1న జననీ శిశు సురక్ష కార్యక్రమం వచ్చి మందులు, పరీక్షలు, రక్తం, సాధారణ కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజుల భోజనం, రానుపోను బండి అన్నీ ఉచితమని చెప్పింది. పోయే బండి దొరికింది గానీ తిరిగొచ్చే బండి చాలాకాలం సరిగా అందలేదు. దాని వల్ల నష్టం పైకి కనపడదు. తిరుగు బండి లేకపోతే, ఊరివైపు పోయే ఆటో ఏది దొరికితే అందులో బాలింతను అదే సాయంత్రం ఎక్కించుకుపోతారు. అధిక రక్తస్రావం ముప్పు మొదటి 24 గంటల్లో ఎక్కువ, కాబట్టి 48 గంటలు ఆసుపత్రిలో ఉండటం తప్పనిసరి. 2016లో వచ్చిన తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఈ లోటు తీర్చడానికే.

వీటన్నిటికీ రోడ్డు కావాలి. సాలూరు, పాచిపెంట, కొమరాడ, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట కొండల మీద చాలా పల్లెలకు అది లేదు. 108 ఆగేది రోడ్డు ఆగిన చోట. అక్కడి నుంచి పైకి డోలీయే: కర్రకు కట్టిన దుప్పటో బుట్టో, ఇద్దరు మోస్తుంటే మరో ఇద్దరు భుజం మార్చుకోవడానికి వెంట నడుస్తారు. ఆ మూడు నాలుగు కిలోమీటర్లు ఏ శాఖ పద్దులోనూ లేవు. 2018లో ఇలా డోలీలో తెస్తుండగా దారి మధ్యలోనే కాన్పయిన సంఘటన ఫోన్ వీడియోగా దేశమంతా చూసింది. సైడ్‌కార్ కట్టిన బైకు అంబులెన్సులు గిరిజన ప్రాంతాలకు ఆ ఏడాదే వచ్చాయి. అదే ఏడాది పార్వతీపురం ఐటీడీఏ సాలూరులోని యువత శిక్షణ కేంద్రం భవనంలో గిరిశిఖర గర్భిణుల వసతి గృహం తెరిచింది.

బండిని పైకి పంపడం కాదు, నొప్పులు రాకముందే మనిషిని కిందికి తేవడం. మా దృష్టిలో ఈ ప్రాంతం నుంచి వచ్చిన అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు ఇదే. భవనం ఒకరిది, నర్సు ఒకరు, గుడ్డూ పాలూ ఇంకొకరు సమకూర్చితేనే నడిచే ఏర్పాటు కూడా. పని వరస ఇదీ: ఆశా కార్యకర్త కొండ పల్లెల గర్భిణుల జాబితా ప్రసవ తేదీల వారీగా ఇస్తుంది, తేదీకి కొన్ని వారాల ముందు పిలుచుకొస్తారు, రోజూ బరువు, రక్తపోటు చూస్తారు, నొప్పులు మొదలవగానే దగ్గర్లోని ఆసుపత్రికి.

ఇది తప్పేది రెండు చోట్ల. మొదటిది తేదీ. చివరి నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే ప్రసవ తేదీ వస్తుంది. కానీ గూడెంలో తేదీ అడిగితే ‘కందికొత్తల పండక్కి ముందు’ అనో ‘టెంక పండగయ్యాక’ అనో చెప్తారు. పండగ ఏ ఊళ్లో ఎప్పుడు చేశారో రాసిపెట్టుకున్న ఆశా అంచనా వారం అటూ ఇటుగా నిలుస్తుంది, లేనిది నెల తప్పుతుంది. మొదటి మూడు నెలల్లో స్కానింగ్ తీయిస్తే ఈ తికమక ఉండదు. రెండోది ఇల్లు. పెద్ద పిల్లలనూ మేకలనూ ఎవరికి వదిలి రావాలి? చింతపండు, జీడి పిక్కల కాలంలో నెల కూలి పోతే ఎవరిస్తారు? పెద్ద పిల్లను వెంట తెచ్చుకోనిచ్చి, ఆ బిడ్డకూ అన్నం పెడితేనే తల్లి కిందికి దిగుతుంది. గర్భిణి ఒక్కదానికే లెక్క రాసే పద్దులో ఆ పళ్లెం ఇమడదు. ఇలాంటి చోటే ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి (పీవో) సంతకం అక్కరకొస్తుంది.

మైదానంలో ఇబ్బంది వేరు. తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి అత్తవారి ఊరు వదులుతుంది. అక్కడి ఏఎన్ఎం జాబితాలో ‘ఊళ్లో లేదు’, ఇక్కడి జాబితాలో అసలు పేరే లేదు. వలస కుటుంబాలదీ ఇదే సంగతి, హైదరాబాదులోనో చెన్నైలోనో మూడు పరీక్షలు చేయించుకుని నెలలు నిండాక ఇంటికొస్తారు. ఆన్‌లైన్ నమోదు వచ్చాక కూడా కొత్త ఊళ్లో కొత్త పేరుగా ఎక్కించేస్తే పాత రక్తపోటు కొలతలు పోతాయి. ఎదురొచ్చే డాక్టరుకు 140/90 కొత్తగా వచ్చిందో మొదటి నుంచీ ఉందో తెలియదు. పాత గుర్తింపు సంఖ్యతోనే వెతకాలి. అది కార్డు మీద ఉంటుంది, కార్డు పుట్టింటికి వెళ్లే సంచిలో ఉండాలి. సారె సర్దేటప్పుడు ఆ కార్డు గుర్తుచేయడం ఆశా పనుల్లో చిన్నదేమీ కాదు.

ఫలితం? 2004–06లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు 154గా ఉన్న మాతృ మరణాలు, 2018–20 నాటికి ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 45. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో కాన్పుల్లో 96.5 శాతం ఆసుపత్రుల్లోనే. అదే సర్వేలో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత. ఈ రెండు అంకెలనూ కలిపి చదవాలి. కాన్పు ఒక్క రోజు పని. బండి, డబ్బు, మంచం ఉంటే చాలావరకు అయిపోతుంది. రక్తం పెరగడానికి నలుగురు మనుషులు 180 రోజులు కలిసి నడవాలి.

మరణం జరిగినప్పుడు ఈ నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. మాతృ మరణాల సమీక్ష 2010లో వచ్చింది, 2017లో మార్గదర్శకాలు మార్చారు. కడుపుతో ఉన్నప్పుడు గానీ కాన్పయిన 42 రోజుల లోపు గానీ తల్లి ఎక్కడ పోయినా, దారిలో పోయినా సరే, సమాచారం 24 గంటల్లో చేరాలి. తర్వాత ఇంటికెళ్లి మూడు జాప్యాలు అడుగుతారు: ఆసుపత్రికి పోదామని అనుకోవడంలో ఎంత ఆలస్యం, చేరడంలో ఎంత, చేరాక వైద్యం అందడంలో ఎంత. అడిగేది తప్పెవరిదని కాదని ముందే చెప్పాలి. లేదంటే ఫారంలో మూడు గడులూ ‘ఆలస్యం లేదు’ అని నిండుతాయి.

2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక ఈ బల్ల ఎక్కడ వేయాలన్నది మళ్లీ తేల్చుకోవాల్సి వచ్చింది. సీతంపేట, పాలకొండ ఇప్పుడు మన్యంలో ఉన్నాయి. కాన్పు కష్టమైతే బండి మాత్రం పాలకొండ మీదుగా శ్రీకాకుళం పెద్దాసుపత్రికే పోతుంది. అక్కడ ప్రాణం పోతే మరణం ఒక జిల్లాలో, ఇల్లు ఇంకో జిల్లాలో. మొదటి కబురు ఫారం జిల్లా దాటి ఇంటివైపు అధికారికి చేరకపోతే ఆ మరణం ఇంటి వైపు సమీక్షకు రాదు. మెళియాపుట్టి, పాతపట్నం, మందస మండలాల గిరిజన గూడేలది ఇంకో చిక్కు. వాటి కలెక్టర్ శ్రీకాకుళంలో ఉంటే ఐటీడీఏ పీవో కార్యాలయం పక్క జిల్లాలో, సీతంపేటలో ఉంది.