పెద్దల గేమ్‌లలో సుఖాంతం: కొన్ని అపోహలు, వాస్తవాలు

కథే ప్రధానంగా సాగే వీడియో గేమ్‌లకు సన్నివేశాలు, సంభాషణలు రాయడం నా వృత్తి. హన్మకొండలో ఇంట్లో కూర్చునే ఆ పని చేస్తాను. పెళ్లిళ్లలో ఎవరైనా పెద్దాయన "ఏం పని చేస్తున్నవు బిడ్డా?" అని అడిగితే, నేను వివరించడం పూర్తయ్యేలోపు భోజనాల బంతి లేస్తుంది. ఓపిగ్గా విన్న కొద్దిమంది మాత్రం ఆ తర్వాత ఒకే ప్రశ్న వేస్తారు: పెద్దవాళ్ల గేమ్‌లంటే చంపుకోవడం, చావడమే కదా, వాటిలో శుభం కార్డు ఎక్కడ పడుతుంది? ఈ ప్రశ్న వెనుక ఉన్న అపోహలు బయటివారిలోనే కాదు, ఈ రంగంలోకి కొత్తగా వచ్చి తమ కథలు నాకు చూపించే యువకులలోనూ కనిపిస్తాయి. ముగింపుల గురించి రాస్తూ ముగింపులను దాచడం కుదరదు కనుక, కింద పేర్కొన్న గేమ్‌లను ఇంకా ఆడవలసినవారు జాగ్రత్తపడగలరు.

అపోహ: పెద్దల గేమ్‌కు విషాదాంతమే తగినది, సుఖాంతం పిల్లలకు చెప్పేది.

పెట్టె మీద ఉండే వయసు గుర్తుకు కథ ముగింపుతో సంబంధం లేదు. అమెరికాలో 1994లో ఏర్పడిన ఈఎస్‌ఆర్‌బీ అనే సంస్థ ఇచ్చే ‘ఎం’ గుర్తు 17 ఏళ్లు, ఆపైవారికని చెబుతుంది. ఐరోపాలో 2003 నుంచి అమలులో ఉన్న పెగీ విధానంలో 18 అంకె పెద్దలకు మాత్రమే అని చెబుతుంది. హింస, శృంగారం, బూతుమాటలు, మత్తుపదార్థాలు వంటివి ఎంత మోతాదులో ఉన్నాయన్నదే ఆ సంస్థలు చూస్తాయి. చివరికి ఎవరు నవ్వారు, ఎవరు ఏడ్చారు అన్నది వాటి పరిశీలనలోకి రాదు.

ఉదాహరణకు 2015లో వచ్చిన ‘ది విచర్ 3’ గేమ్‌ను తీసుకుందాం. పెగీ 18 గుర్తున్న ఆ గేమ్‌లో యుద్ధంతో పాడుబడిన ఊళ్లు, చెట్లకు వేలాడే శవాలు అడుగడుగునా ఎదురవుతాయి. అయితే 2016లో వచ్చిన దాని చివరి విస్తరణ (అసలు గేమ్‌కు తర్వాత జతచేసే అదనపు కథ) ‘బ్లడ్ అండ్ వైన్’లో, ఊరూరా తిరుగుతూ కూలికి రాక్షసులను చంపే గెరాల్ట్‌కు ఒక ద్రాక్షతోట, దాని నడుమ ఒక పాత ఇల్లు దక్కుతాయి. ఆ ఇంటికి మరమ్మతులు చేయించేది, మంచం మార్పించేది, గోడలకు పటాలు తగిలించేది ఆటగాడే. చివరి దృశ్యంలో గెరాల్ట్‌ను వెతుక్కుంటూ ఆ ఇంటికి ఎవరు వస్తారన్నది అసలు కథలో మనం చేసిన ఎంపికలను బట్టి మారుతుంది. పదుల గంటలపాటు చెట్ల కింద, సత్రాలలో పొద్దుపుచ్చిన మనిషికి సొంత పడక ఏర్పడటంలో ఉన్న తృప్తి ఇల్లు కట్టుకున్న పెద్దవారికి తెలిసినంతగా పిల్లలకు తెలియదని నా అభిప్రాయం.

అపోహ: సుఖాంతమంటే నాయకుడు బతకాలి, పగవాడు చావాలి.

మా వరంగల్ చుట్టుపక్కల వారికి ఈ అపోహ ఉండకూడదు. కప్పం కట్టలేదని కాకతీయ సైన్యం మేడారం మీదికి వచ్చిన గాథను మేము చిన్ననాటి నుంచీ వింటాం. ఆ పోరులో పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ నేలకొరుగుతారు. జంపన్న సంపెంగవాగులో ప్రాణం విడుస్తాడు. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనుమరుగవుతుంది. యుద్ధం లెక్కలో అది ఓటమి. అయినా రెండేళ్లకోసారి మాఘమాసంలో సారలమ్మ కన్నెపల్లి నుంచి, సమ్మక్క చిలకలగుట్ట నుంచి గద్దెల మీదికి వస్తారు, జనం బెల్లాన్ని బంగారమని పిలిచి సమర్పిస్తారు, నాలుగో రోజు తల్లులు మళ్లీ వనంలోకి వెళ్తారు. సమ్మక్క కనుమరుగైన చోట ఆ కథ ఆగిపోలేదు. ఆమె తర్వాత జనం ఏం చేశారన్నది కూడా కథలో భాగమైంది. గేమ్‌లలో మేము ఎపిలాగ్ అని పిలిచే చివరి భాగం చేసే పని సరిగ్గా ఇదే.

2018లో వచ్చిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’లో కథానాయకుడు ఆర్థర్ మోర్గాన్‌కు క్షయ సోకుతుంది, అతడు చనిపోతాడు, అందులో ఆటగాడు మార్చగలిగింది ఏమీ లేదు. అయితే అప్పటిదాకా మంచితనం నిలుపుకుని, చివరలో డబ్బు కోసం వెనక్కి తిరగకుండా మిత్రుడికి తోడుగా వెళ్లి ఉంటే, ఆర్థర్ సూర్యోదయాన్ని చూస్తూ కన్నుమూస్తాడు. ఆ తర్వాత వచ్చే సుదీర్ఘమైన ఎపిలాగ్‌లో, అతడు కాపాడిన జాన్ మార్‌స్టన్ భూమి కొని ఇల్లు కట్టుకుంటాడు, మేకులు కొట్టేది ఆటగాడు. 2010లో వచ్చిన మొదటి భాగం కథ దీని తర్వాత జరుగుతుంది కనుక, అది ఆడినవారికి అదే చోట జాన్ ప్రాణం పోబోతోందని ముందే తెలుసు. తెలిసీ మేకు కొడతారు. అది సుఖాంతమా, విషాదాంతమా అని నన్ను అడిగితే సుఖాంతమనే అంటాను, నాతో విభేదించే మిత్రులు ఉన్నారు.

అపోహ: ముగింపు చివరి ఎంపిక మీద ఆధారపడి ఉంటుంది.

తెర మీద రెండు వాక్యాలు చూపించి ఒకటి నొక్కమనడం అన్నిటికన్నా చౌకైన పద్ధతి. 2001 నాటి ‘సైలెంట్ హిల్ 2’ ఆ పని చేయలేదు. భార్యను పోగొట్టుకున్న జేమ్స్ అందులో నాయకుడు. దెబ్బ తగిలినప్పుడు అతనికి వెంటనే మందు వాడుతున్నామా లేక అలాగే వదిలేస్తున్నామా, భార్య ఫొటోను, ఉత్తరాన్ని తీసి చూస్తున్నామా, మరొకరి నుంచి తీసుకున్న కత్తిని పదేపదే పరికిస్తున్నామా అన్నవి గేమ్ చప్పుడు చేయకుండా లెక్కపెట్టుకుంటుంది. బతకాలనే కోరిక అతనిలో ఉందో లేదో ఆ లెక్కే తేల్చి, దానికి తగిన ముగింపును చూపిస్తుంది. ‘ది విచర్ 3’లోనూ గెరాల్ట్ పెంపుడు కూతురు సిరి బతికి తిరిగి వస్తుందా రాదా అన్నది అలాంటి చిన్న సందర్భాలే నిర్ణయిస్తాయి. దిగులుగా ఉన్న ఆమెతో మంచుముద్దలు విసురుకుని ఆడుకున్నామా, మంత్రగత్తెల సమావేశానికి ఆమెను ఒంటరిగా వెళ్లనిచ్చామా అన్నవి ఆ క్షణంలో ముగింపుకు సంబంధించినవిగా ఎవరికీ అనిపించవు. ఎదిగిన కూతురిని నమ్మిన తండ్రికి అందులో మంచి ముగింపు దక్కుతుంది, అడుగడుగునా అడ్డుపడినవాడికి దక్కదు.

రాసేవారి వైపు నుంచి చూస్తే ఇదంతా చిట్టా రాయడం. నేను ఇంక్ అనే స్క్రిప్టు భాష వాడతాను. అందులో ప్రతి చిన్న చేతకూ ఒక గుర్తు పెట్టుకుంటాము, చివరి సన్నివేశం ఆ గుర్తులను చదివి తన మాటలు ఎంచుకుంటుంది. కిరాణా దుకాణంలో ఖాతా పుస్తకం నడిపినవారికి ఈ పని కొత్తగా అనిపించదు.

అపోహ: ఏడిపించడమే కష్టం, సుఖాంతం ఎవరైనా రాస్తారు.

అనుభవం నాకు దీనికి పూర్తిగా విరుద్ధంగా నేర్పింది. కొన్నేళ్ల క్రితం నేను సొంతంగా ఒక చిన్న గేమ్ మొదలుపెట్టాను. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. భివండీలో పవర్‌లూమ్‌ల మీద పని చేయడానికి వెళ్లిపోయి, తండ్రికి పక్షవాతం వచ్చాక పదకొండేళ్లకు తిరిగి వచ్చిన కొడుకు. మూడు లక్షల అప్పు. ఇక్కడి నేతకారులు భివండీకి, షోలాపూర్‌కు, సూరత్‌కు వలసపోవడం మా ప్రాంతంలో ఇంటింటి చరిత్ర కనుక దానికి వేరే పరిశోధన అవసరపడలేదు. మొదటి ప్రతిలో ముగింపు ఇలా రాశాను: ఒక పెద్ద ఆర్డరు వస్తుంది, అప్పు తీరుతుంది, అందరూ వాకిట్లో కూర్చుని నవ్వుతారు.

దాన్ని మొదట ఆడినవాడు కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే మా బామ్మర్ది. మంచం మీద కాళ్లు ముడుచుకుని రెండు గంటలకు పైగా కదలకుండా ఆడాడు. చివరి సన్నివేశంలో తెర మీద మాటలు ఇంకా నడుస్తుండగానే కంట్రోలర్ పక్కన పెట్టి ఫోన్ అందుకున్నాడు. ఎలా ఉందని అడిగితే, "గిట్ల అయితదా బావా? గన్ని పైసలు ఏడికెల్లి అచ్చినయి?" అన్నాడు. విమర్శకుడెవరూ నాకు అంతకంటే పనికొచ్చే మాట చెప్పలేదు. విషాదాంతంలో ఇల్లు పోయిందంటే ఎవరూ లెక్క అడగరు. కష్టాన్ని ఎంత రాసినా పెద్దవారు నమ్ముతారు, సుఖం రాస్తే మాత్రం రసీదు చూపించమంటారు.

రెండో ప్రతిలో అప్పును అప్పుగానే ఉంచాను. ఆ కథ మొదట్లో తండ్రి కొడుకును మగ్గం గుంతలో కాలు పెట్టనివ్వడు, "నీకెందుకురా గీ పని, పోయి సదువుకో" అంటాడు. ఆ మాట ఆట మొత్తంలో నాలుగు చోట్ల వినిపిస్తుంది. కొత్త ముగింపులో చెయ్యి పడిపోయిన తండ్రి గుంత పక్కన కూర్చుని, "పేక వదులైంది, ఇంకింత దగ్గరికి కొట్టు" అంటాడు. అంతే. తండ్రి ఒప్పుకున్నాడని ఎక్కడా రాయలేదు, కన్నీళ్లు లేవు, వెనుక సంగీతం కూడా తీసేశాను. బామ్మర్ది ఈసారి ఫోన్ అందుకోలేదు.

అపోహ: ‘మాస్ ఎఫెక్ట్ 3’ విషయంలో జనం కోపగించింది ముగింపు విషాదంగా ఉన్నందుకు.

2012 మార్చిలో వచ్చిన ఆ గేమ్ మీద ఆడినవారు పెద్ద ఎత్తున నిరసన తెలిపిన మాట నిజం. కానీ ఎక్కువమంది అడిగింది నాయకుణ్ని బతికించమని కాదు. మూడు గేమ్‌ల పొడవునా తాము తీసుకున్న నిర్ణయాలకు చివర్లో జవాబు లేకపోవడం, ఏ దారి ఎంచుకున్నా రంగు తప్ప దృశ్యం పెద్దగా మారకపోవడం వారికి మింగుడుపడలేదు. ఆ ఏడాది జూన్‌లో బయోవేర్ సంస్థ ఉచితంగా ఇచ్చిన పొడిగింపులో మూల ముగింపులు అలాగే ఉన్నాయి. సహచరులు, గ్రహాలు ఆ తర్వాత ఏమయ్యాయో చెప్పే భాగాలు చేరాయి.

2008 నాటి ‘ఫాల్అవుట్ 3’లో జరిగిన పొరపాటు ఇంకా స్పష్టమైనది. చివర్లో అణుధార్మికత నిండిన గదిలోకి ఎవరో ఒకరు వెళ్లాలి, వెళ్తే చావే. ఆటగాడి పక్కనే అణుధార్మికత సోకని సహచరుడు ఫాక్స్ ఉన్నా, అది నీ విధి అంటూ వెళ్లడానికి నిరాకరిస్తాడు. ఇది త్యాగమనిపించుకోదు, రచయిత మొండితనం అనిపించుకుంటుంది. 2009లో వచ్చిన ‘బ్రోకెన్ స్టీల్’ విస్తరణ అతణ్ని లోపలికి వెళ్లనిచ్చి, కథను ఆ తర్వాత కూడా కొనసాగించింది. వీడ్కోలు కూడా ముగింపులో భాగమేనని ఇటీవలి గేమ్‌లు గుర్తించాయి: 2023 ఆగస్టులో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’కి అదే ఏడాది నవంబరు చివరలో, ఆరు నెలల తర్వాత సహచరులందరూ మళ్లీ ఒక చోట కలుసుకునే సన్నివేశాన్ని ఉచితంగా జత చేశారు.

అపోహ: ముగింపులు ఎన్ని ఎక్కువ ఉంటే గేమ్ అంత గొప్పది.

కాదు. ప్రతి ముగింపుకూ బొమ్మలు గీయాలి, గొంతులు రికార్డు చేయాలి, పరీక్షించాలి. సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కోదానికి దక్కే శ్రద్ధ తగ్గుతుంది.

అపోహ: కథ ఎక్కడ ముగియాలో చెప్పేది రచయిత ఒక్కరే.

2015లో వచ్చిన ‘అండర్‌టేల్’లో అన్నిటికన్నా మంచి ముగింపు సాధించాక మళ్లీ గేమ్ తెరిస్తే, అందులోని పాత్రే వచ్చి, అందరూ సుఖంగా ఉన్నారు, ఇక వాళ్లను వాళ్ల బతుకు బతకనివ్వమని ఆటగాణ్ని వేడుకుంటుంది. మొదటి నుంచి మళ్లీ ఆడటమంటే ఆ సుఖాన్ని చెరిపేయడమే. అప్పుడు కథను ముగించేది ఆటగాడి చెయ్యి.

నా నేత గేమ్‌లోనూ ఈ అధికారాన్ని ఆటగాడికే వదిలేశాను. తండ్రి ఆ మాట అన్నాక కూడా గేమ్ ఆగదు. మీట నొక్కినంతసేపు జంపఖానా ఒక్కో వరుస పెరుగుతూనే ఉంటుంది, మగ్గం దగ్గర నుంచి లేచినప్పుడు మాత్రమే చివరి పేర్లు పడతాయి. ఆ ప్రతిని పరీక్షించిన రాత్రి మా ఆవిడ అన్నానికి రెండుసార్లు పిలిచింది. బామ్మర్ది తెర మీద నుంచి చూపు తిప్పకుండానే, "గీ వరుస అయినంక లేస్త అక్కా" అన్నాడు.