స్పోర్ట్స్ కారు ఆర్డర్ చేసే ముందు: ఆప్షన్ల మీద అపోహలు, వాస్తవాలు

ఖరీదైన స్పోర్ట్స్ కార్లు కొనేవాళ్లతో కూర్చుని ఆప్షన్లు ఖరారు చేయించడం నా పని. చాలామంది ఇంట్లోనే కాన్ఫిగరేటర్‌లో, అంటే కారు ఆప్షన్లను ఒక్కొక్కటిగా ఎంచుకునే కంపెనీ వెబ్‌పేజీలో, కారంతా తయారు చేసుకుని వస్తారు. రంగు మీద, రిమ్ముల మీద రాత్రుళ్లు కూర్చుని ఉంటారు. సీట్ల సంగతి అడిగితే మాత్రం "ఏదో టిక్ పెట్టాను" అంటారు. కాన్ఫిగరేటర్ తెరవగానే ఎదురయ్యేవి రంగు, చక్రాలే కాబట్టి అందులో వింతేమీ లేదు. నేను మాత్రం చివరి పేజీల నుంచి మొదలుపెడతాను. ఫ్యాక్టరీలో తప్ప ఇంకెక్కడా బిగించలేనివి ఏవో ముందు తేలాలి.

అపోహ: ఇప్పుడు మామూలుగా తీసుకుని, కావాల్సినవి తర్వాత పెట్టించుకోవచ్చు.

కొన్నిటి విషయంలో ఇది నిజమే. రిమ్ములు, సైలెన్సర్, స్టీరింగ్ వీల్, లోపలి అలంకరణ ముక్కలు తర్వాత మార్చుకోవచ్చు. వెనక చక్రాల స్టీరింగ్, ముందు భాగాన్ని పైకి లేపే లిఫ్ట్, సన్‌రూఫ్, గాలి వచ్చే సీట్లు లాంటివి అలా కాదు. వీటికి బాడీలో చోటు, వైరింగ్, సాఫ్ట్‌వేర్ అన్నీ తయారీలోనే సిద్ధం కావాలి. తర్వాత పెట్టిస్తే పని కన్నా తలనొప్పి ఎక్కువ, వారంటీ పేచీలు అదనం.

ఇందులో జనం తేలిగ్గా తీసేసేది లిఫ్ట్. పోర్షే 911లో అది ముక్కును సుమారు 40 మిల్లీమీటర్లు లేపుతుంది. వినడానికి చిన్న అంకె. సెల్లార్ ర్యాంపు ఎక్కేటప్పుడు బంపర్ గీసుకుపోవడానికీ పోకపోవడానికీ మధ్య తేడా అదే. వెనక చక్రాల స్టీరింగ్ కూడా ట్రాక్ మీద తిప్పేవాళ్లకే అనుకుంటారు. తక్కువ వేగంలో వెనక చక్రాలు ముందువాటికి వ్యతిరేక దిశలో తిరుగుతాయి కాబట్టి ఇరుకు పార్కింగ్‌లో కారు చిన్నదైపోయినట్టు మలుపు తిరుగుతుంది. ఎక్కువ వేగంలో అదే దిశలో తిరిగి, లేన్ మారేటప్పుడు కారును నిలకడగా ఉంచుతాయి.

అపోహ: సిరామిక్ బ్రేకులుంటే కారు తక్కువ దూరంలో ఆగుతుంది.

కారును చివరికి ఆపేది టైరు. పెడల్ గట్టిగా తొక్కితే మామూలు ఇనుప డిస్కులు కూడా ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) పనిచేసే దాకా చక్రాన్ని పట్టేస్తాయి. ఆపైన ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టును బట్టే. అందుకే రోడ్డు మీద ఒక్కసారి బ్రేక్ వేస్తే రెండిటికీ పెద్ద తేడా కనిపించదు. సిరామిక్ డిస్కుల గొప్పతనం వేడిని తట్టుకోవడంలో ఉంది. ట్రాక్ మీద మళ్లీ మళ్లీ బ్రేక్ వేస్తున్నా పట్టు సడలదు. రెండోది బరువు. పోర్షే వీటిని 2001లో 911 జీటీ2తో తెచ్చింది. అదే సైజు ఇనుప డిస్కుల కన్నా ఇవి సుమారు సగం బరువే ఉంటాయని కంపెనీ లెక్క. చక్రం దగ్గర బరువు తగ్గితే సస్పెన్షన్‌కు పని తేలికవుతుంది. రిమ్ములకు నల్లటి దుమ్ము అంతగా పట్టకపోవడం మరో సుఖం.

ఇక రెండో వైపు. చల్లగా ఉన్నప్పుడు కొన్ని కార్లలో కీచుమంటాయి. రాయి గట్టిగా తగిలినా, చక్రం విప్పేటప్పుడు రిమ్ము తగిలినా డిస్కు అంచు పెచ్చు లేవవచ్చు. మార్చాల్సి వస్తే బిల్లు భారీగా ఉంటుంది. ట్రాక్‌కు వెళ్లని మనిషికి వీటిని నేనుగా సిఫార్సు చేయను. సిరామిక్ బ్రేకులతో వచ్చే పసుపు కాలిపర్ (డిస్కును నొక్కిపట్టే భాగం) అందం కోసమే కావాలంటారా, సరే, అలా అని ఒప్పుకుని తీసుకోండి. భద్రత పేరు మాత్రం చెప్పొద్దు.

అపోహ: రిమ్ము ఎంత పెద్దదైతే కారు అంత బాగా నడుస్తుంది.

ఫొటోలో బాగుంటుంది. రిమ్ము పెరిగినకొద్దీ టైరు పక్క గోడ సన్నబడుతుంది, గుంతల దెబ్బ నేరుగా రిమ్ముకూ మీ నడుముకూ తగులుతుంది.

అపోహ: అల్కాంటారా అంటే ఖరీదైన తోలు.

అది తోలే కాదు. పాలిస్టర్, పాలియురేథేన్‌లతో చేసిన వస్త్రం. జపాన్‌లోని టోరే కంపెనీలో మియోషి ఒకమోటో 1970లో కనిపెట్టాడు. చేతికి జారదు, వెలుతురును తిప్పికొట్టదు. నన్నడిగితే దాని అసలైన చోటు డ్యాష్‌బోర్డు పైభాగం. లేత రంగు తోలు అక్కడ వేయించుకుంటే ఎండలో దాని ప్రతిబింబం ముందు అద్దంలో తేలి, రోజంతా కళ్లకు అడ్డం పడుతుంది. షోరూమ్ లైట్లలో ఇది తెలియదు. స్టీరింగ్‌కు అల్కాంటారా అడిగేవాళ్లే ఎక్కువ. చెమట, హ్యాండ్ క్రీమ్ తగిలి అక్కడే అది ముందుగా అణిగిపోయి జిడ్డు మెరుపు తేలుతుంది. తరచూ శుభ్రం చేసే ఓపిక ఉంటేనే తీసుకోండి.

అపోహ: కార్బన్ బకెట్ సీట్లు లేకపోతే అది స్పోర్ట్స్ కారే కాదు.

చాలా బకెట్ సీట్లలో వీపు వంపు మారదు, వెనక్కి వాల్చలేరు. అంచులు ఎత్తుగా ఉండటంతో ఎక్కడం, దిగడం ఓ కసరత్తు. ఐదు నిమిషాలు కూర్చుంటే అన్నీ బాగానే ఉంటాయి. అరగంట కూర్చోండి, ఫోన్ చూసుకుంటూ అయినా సరే. పక్క సీట్లో ఎక్కువగా కూర్చునేది ఎవరో వాళ్లనూ కూర్చోబెట్టండి.

అపోహ: పోర్షే ఆప్షన్ ప్యాకేజీ స్పోర్ట్ క్రోనో అంటే డ్యాష్‌బోర్డు మీది గడియారానికి డబ్బులు.

గడియారం పైకి కనిపించేది మాత్రమే. ఆ ప్యాకేజీలో లాంచ్ కంట్రోల్, అంటే ఆగి ఉన్న కారు వీలైనంత వేగంగా దూసుకెళ్లేలా చూసే ఏర్పాటు, వస్తుంది. 2019లో వచ్చిన 911 కరెరా ఎస్ 100 కిలోమీటర్ల వేగం 3.7 సెకన్లలో అందుకుంటే, ఇది ఉన్న కారు 3.5లో అందుకుంటుంది.

అపోహ: ఎక్కువ ఆప్షన్లు పెట్టిస్తే అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగొస్తుంది.

ఎక్కువ భాగం రాదు. కొన్ని ఆప్షన్లు ధర పెంచవు కానీ లేకపోతే కారు త్వరగా అమ్ముడుపోదు. వెచ్చబరిచే సీట్లు, వెనక కెమెరా, లిఫ్ట్ ఆ కోవలోవి. రంగు విషయంలో భయం అక్కర్లేదు. పోర్షే పెయింట్ టు శాంపిల్, లంబోర్ఘిని ఆడ్ పర్సనమ్ లాంటి విభాగాలు అరుదైన రంగులు వేసిస్తాయి. పరిమిత సంఖ్యలో వచ్చే మోడళ్లలో అవి విలువ పెంచిన సందర్భాలున్నాయి. మామూలు మోడల్లో మాత్రం మీ ఇష్టం కోసమే వేయించుకోండి. మ్యాట్ (మెరుపు లేని) పెయింట్ అడిగేవాళ్లకు ఒకటే హెచ్చరిక: గీత పడితే పాలిష్ పట్టలేరు, పట్టిస్తే అక్కడ మెరుపు తేలుతుంది. చాలాసార్లు ఆ ప్యానెల్ మొత్తం మళ్లీ పెయింట్ చేయాల్సిందే. ఏ రంగైనా స్క్రీన్ మీద చూసి ఖరారు చేయకండి, నమూనా ముక్కను ఎండలోనూ నీడలోనూ చూడండి.

అపోహ: ఆర్డర్ ఇచ్చాక కూడా మార్పులు చేసుకోవచ్చు.

ఫ్యాక్టరీ స్పెక్‌ను (మీరు ఎంచుకున్న ఆప్షన్ల జాబితాను) లాక్ చేసే తేదీ దాకా చేసుకోవచ్చు. ఆ తేదీ డీలర్‌ను అడిగి రాయించుకోండి. సంతకం పెట్టేది బొమ్మ చూసి కాదు, ఆప్షన్ కోడ్ల జాబితా చూసి. ఒక ఆప్షన్ చేరిస్తే దానితో కుదరని మరొకటి కాన్ఫిగరేటర్‌లో చడీచప్పుడు లేకుండా ఎగిరిపోవచ్చు. సీటు మార్చినప్పుడు సీటు చల్లబరిచే ఆప్షన్ పోవడం నేను ఎక్కువగా చూసేది.