డిస్టెన్స్ డ్రైవర్ల ‘రన్’లు: అపోహలు – వాస్తవాలు

“అన్నా, గిది ఏ రన్?” హన్మకొండలో మా డిస్క్ గోల్ఫ్ బ్యాచ్‌లోకి ఎవరైనా కొత్త డ్రైవర్ పట్టుకొస్తే ముందు పడే ప్రశ్న ఇదే. డిస్క్ గోల్ఫ్ అంటే బంతికి బదులు ప్లాస్టిక్ డిస్క్‌ని విసిరి, వీలైనన్ని తక్కువ విసుర్లలో బుట్టలో వేసే ఆట. అందులో ఎక్కువ దూరం పోవడానికి వాడే డిస్కే డిస్టెన్స్ డ్రైవర్. అమెరికా నుంచి వచ్చే బావమరిదో, పెద్దమ్మ కొడుకో సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకొచ్చిన డిస్కులతోనే మా ఆట నడుస్తుంది. అందుకే ఒక్కో డిస్క్ చుట్టూ బోలెడు కథలు అల్లుకుంటాయి. ఫలానా రన్ కుడికి తిరగనే తిరగదట, ఫలానా రన్ పది మీటర్లు ఎక్కువ పోతుందట.

నా పని ఇంజెక్షన్ మోల్డింగ్, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి (దాన్నే మోల్డ్ అంటాం) నొక్కి సరుకు తీయడం. మడికొండ ఇండస్ట్రియల్ ఏరియాలో బకెట్లు, మూతలు తీసే మెషీన్ల దగ్గరే రోజంతా. డిస్క్ కూడా అదే రకం మెషీన్‌లోంచి ఊడిపడేదే కాబట్టి, ఈ కథల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో మెషీన్ వైపు నుంచి చెప్తాను.

కొత్తవాళ్లకు ముందు రెండు ముక్కలు. మోల్డ్‌ని మెషీన్‌కి బిగించి, ఒకే రకం ప్లాస్టిక్‌తో ఒక విడతలో తీసిన సరుకే రన్. ఇన్నోవా కంపెనీ డిస్టెన్స్ డ్రైవర్ ‘డిస్ట్రాయర్’ 2007 నుంచి వస్తోంది. ఇన్నేళ్లలో అదే పేరుతో ఎన్నో రన్‌లు వచ్చాయి. ఇక కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి బయటికి విసరడం) వేస్తే, పైనుంచి చూసినప్పుడు డిస్క్ గడియారం ముల్లులా తిరుగుతుంది. మంచి వేగంలో ఉన్నప్పుడు గాలి ఎత్తే బలం మధ్యకి కాస్త వెనక పడి, ముందు అంచుని కిందికి నొక్కుతుంది. తిరిగే వస్తువు మీద ఆ నొక్కుడు తొంభై డిగ్రీలు పక్కకి మళ్లి కనిపిస్తుంది కాబట్టి డిస్క్ కుడికి వాలుతుంది. అది టర్న్. వేగం పడిపోయాక ఆ బలం ముందుకు జరిగి, డిస్క్ ఎడమకి వాలుతూ దిగుతుంది. అది ఫేడ్. కుడికి వాలడానికి మొండికేసే డిస్క్ ఓవర్‌స్టేబుల్, తేలిగ్గా వాలేది అండర్‌స్టేబుల్. రన్‌ల మీద గొడవంతా ఈ రెంటి మధ్యే.

అపోహ: మోల్డ్ ఒక్కటే కదా, అన్ని రన్‌లూ ఒకేలా ఎగరాలి.

మోల్డింగ్ పని చూడనివాళ్లు అనుకునే మాట ఇది. మోల్డ్ ఇచ్చేది వేడి వేడి ఆకారం. డిస్క్ అసలు ఆకారం మోల్డ్ తెరుచుకున్నాక, చల్లారేటప్పుడు తేలుతుంది. డిస్టెన్స్ డ్రైవర్ రిమ్, అంటే చుట్టూ ఉండే అంచు, వెడల్పుగా, మందంగా ఉంటుంది. డిస్ట్రాయర్‌కి అది 2.2 సెంటీమీటర్లు. మధ్యలో పళ్లెం మాత్రం పల్చన. పల్చటి పళ్లెం ముందే గట్టిపడుతుంది. మందపాటి రిమ్ లోపల ఇంకా వేడిగానే ఉండి, తర్వాత నింపాదిగా కుంచించుకుంటుంది. రిమ్ చుట్టూ బిగిస్తుంటే పళ్లెం ఎటు పోవాలి? పైకి ఉబ్బుతుంది. డోమ్ అలా వస్తుంది. మోల్డ్‌లో ఇంకొన్ని సెకన్లు ఎక్కువ ఉంచినా, కూలింగ్ నీళ్లు రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా, లోపలికి నొక్కే ప్రెషర్ మారినా ఆ ఉబ్బు మారుతుంది. రిమ్ కూడా ఆ లాగుడుకి వెంట్రుకవాసి మెలి తిరిగి, దాని ముక్కు (బయటి కొస) పైకో కిందికో జరుగుతుంది.

ప్లాస్టిక్ కుంచింపులో అర శాతం తేడా వచ్చిందనుకోండి. 21 సెంటీమీటర్ల డిస్క్ మీద అది మిల్లీమీటరు. ఖరీదైన డ్రైవర్లలో ఎక్కువగా వాడే పాలీయురేథేన్ రకం ప్లాస్టిక్‌కి ఇంకో గుణం ఉంది, గాలిలోని తేమని పీల్చుకుంటుంది. సరిగ్గా ఆరబెట్టకుండా మెషీన్‌లో పోస్తే లోపల బుడగలు, పైన వెండి చారలు. వానాకాలంలో డ్రైయర్ దగ్గర మాకు పడే టెన్షన్ ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మెషీన్ మారినా, ముడిసరుకు లాట్ మారినా, షిఫ్ట్‌లో ఆపరేటర్ మారినా సెట్టింగు ఎంతో కొంత కదులుతుంది. కాబట్టి రన్‌కీ రన్‌కీ తేడా ఉంటుంది, అది నిజమే. జనం మర్చిపోయేది ఇంకొకటి. ఒకే రన్‌లో పొద్దున మెషీన్ కుదురుకోకముందు తీసిన డిస్క్‌కీ, మధ్యాహ్నం తీసినదానికీ కూడా ఇదే రకం తేడా రావచ్చు. పక్కపక్కనే పేర్చి చల్లార్చినదీ, ఒకదాని మీద ఒకటి దొంతరగా పెట్టినదీ వేరువేరుగా కుంచించుకుంటాయి. ‘ఆ రన్ మంచిది’ అని ఒక్క డిస్క్ వేసి చెప్పేవాళ్లని నేను పెద్దగా పట్టించుకోను.

అపోహ: ఫస్ట్ రన్ అయితే బంగారం.

ఫస్ట్ రన్‌కి ధర ఎక్కువ, అది సేకరించేవాళ్ల పిచ్చి. తక్కువ సంఖ్యలో వస్తుంది, డిస్క్ పైన ప్రత్యేకం స్టాంప్ (ముద్ర బొమ్మ) ఉంటుంది, దాచుకోవడానికి బాగుంటుంది. ఎగరడం వేరే సంగతి. సంక్రాంతికి సకినాలు వేసేటప్పుడు మొదటి వాయికి నూనె కాక ఇంకా కుదరనట్టే, కొత్త మోల్డ్ ఎక్కించినప్పుడు సెట్టింగులు కుదరడానికి టైం పడుతుంది. మొదటి రన్ అంటే ఫ్యాక్టరీ ఇంకా నేర్చుకుంటున్న రన్ అని కూడా అర్థం. పైగా నచ్చిన ఫస్ట్ రన్ డిస్క్ గురించి ఏళ్లతరబడి చెప్పుకుంటారు, నచ్చనిది ఎవరికో అంటగట్టి మర్చిపోతారు. మనదాకా వచ్చేవి మెచ్చుకోళ్లే.

అలాగని కొత్త రన్‌లే మేలని కూడా అనను. మోల్డ్ అరుగుతుంది. రెండు సగాలు కలిసేచోట అంచులు అరిగితే, అక్కడ ప్లాస్టిక్ సన్నగా పొరలా బయటికి పొంగుతుంది, దాన్నే ఫ్లాష్ అంటాం. మోల్డ్‌ని పాలిష్ చేస్తారు, రిపేరు చేస్తారు, ఒక్కోసారి కొత్తది చెక్కిస్తారు. పాత రన్‌కీ కొత్త రన్‌కీ తేడా రావడానికి ఇదొక అసలు సిసలు కారణం.

అపోహ: స్టాంప్ చూస్తే రన్ తెలిసిపోతుంది.

స్టాంప్ వేసేది డిస్క్ చల్లారిన తర్వాత, వేరే మెషీన్ మీద, వేడి రేకుతో. ఖాళీ డిస్కులు గోదాములో కూర్చుని ఎప్పుడో స్టాంప్ వేయించుకోవచ్చు. ఒకే బొమ్మ రెండు రన్‌ల మీద పడొచ్చు, ఒకే రన్ మీద రెండు బొమ్మలు పడొచ్చు. స్టాంప్‌ని బట్టి ఊహించండి గానీ, దాని మీద పందెం కాయకండి.

అపోహ: డోమ్ ఉంటే అండర్‌స్టేబుల్, ఫ్లాట్‌గా ఉంటే ఓవర్‌స్టేబుల్.

ఇది సగం నిజం కాబట్టే ఇంతకాలం బతికింది. డోమ్ ప్రభావం ఎక్కువగా గ్లైడ్ మీద పడుతుంది, అంటే గాల్లో ఎంతసేపు నిలుస్తుందన్నదాని మీద. టర్న్‌నీ ఫేడ్‌నీ ఎక్కువగా శాసించేది పార్టింగ్ లైన్ ఎత్తు. డిస్క్ ముక్కు మీద వేలు పెట్టి తిప్పితే సన్నటి గీత తగులుతుంది చూడండి, మోల్డ్ రెండు సగాలు కలిసిన చోటు అదే. రిమ్ అడుగు నుంచి ఆ గీత ఎంత ఎత్తున ఉంటే డిస్క్ అంత ఓవర్‌స్టేబుల్‌గా పోతుంది. చల్లారేటప్పుడు డోమూ, ఈ ఎత్తూ కలిసే మారతాయి. కంటికి కనిపించేది డోమ్ కాబట్టి పేరంతా దానికి పోతుంది.

ఈ ఎత్తుని పోల్చడానికి కొలత సామాను అక్కర్లేదు. మన దగ్గర ఇంట్లోనే కరీంనగర్ గ్రానైట్ ఉంటుంది. వంటగది గట్టు తుడిచి, రెండు డిస్కులు బోర్లా తిప్పకుండా మామూలుగా పెట్టండి. కిందికి వంగి కళ్లు గట్టు ఎత్తుకి తెచ్చి, రెంటి అంచులూ మెల్లగా తాకించండి. ముక్కులు సూటిగా ఒకదానికొకటి గుద్దుకుని ఆగితే ఎత్తు ఒకటే. ఒకటి ఇంకోదాని మీదికి ఎక్కబోతే, ఎక్కేదాని పార్టింగ్ లైన్ ఎత్తు ఎక్కువ. గోరు మందం కూడా లేని తేడా ఈ పరీక్షలో దొరికిపోతుంది. అట్లాగే డిస్క్ గట్టు మీద ఎక్కడైనా టకటక ఊగుతుందేమో చూడండి. ఊగితే రిమ్ వంకర పోయినట్టే, ఏ రన్ అయినా సరే దాన్ని పోలికలోంచి తీసేయండి.

అపోహ: రంగుని బట్టి డిస్క్ ఎగరడం మారుతుందనుకోవడం ఉత్త మూఢనమ్మకం.

దీన్ని చదువుకున్నవాళ్లే ఎక్కువ అంటారు. మూతలు తీసే మా పనిలో ఇది రోజూ కనిపించే సంగతి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్‌లలో థాలోసయనిన్ నీలం, ఆకుపచ్చ రంగులు వేస్తే అవి ప్లాస్టిక్ గడ్డకట్టే తీరునే మార్చేస్తాయి. అదే మోల్డ్, అదే సెట్టింగు, అయినా తెల్ల మూత చదునుగా వస్తుంది, నీలం మూత వంగుతుంది. డిస్కుల్లో వాడే పాలీయురేథేన్ వేరే జాతి, కాబట్టి మూతల లెక్కని నేరుగా దానికి అంటగట్టలేం. కానీ రంగు అంటే ప్లాస్టిక్‌లో కలిసే పదార్థమే గనక, ఒకే రన్‌లో ఎరుపూ తెలుపూ ఒకదాని పక్కన ఒకటి తేడాగా కనిపిస్తే నవ్వేయకుండా గట్టు మీద పెట్టి చూడండి. ‘పసుపు డిస్కులన్నీ దూరం పోతాయి’ లాంటి టోకు మాటలు మాత్రం నమ్మకండి.

అపోహ: వెనక 175 అని రాసుంటే అది 175 గ్రాములే.

ఎక్కువగా అది పెన్నుతో రాసిన అంకె. గ్రాము అటూ ఇటూ ఉండటం మామూలే. వేర్వేరు రన్‌లు పోల్చేటప్పుడు బరువు ఒకటే అయ్యుండాలి, తేలికది ఎటూ ఎక్కువ తిరుగుతుంది. బంగారం కొట్లో తూచే చిన్న కాంటా అయితే సరిగ్గా సరిపోతుంది, తెలిసిన సేటు ఉంటే రెండు నిమిషాల పని. ఇంకో విషయం, డిస్క్ గోల్ఫ్ సంఘం పీడీజీఏ నిబంధన ప్రకారం వ్యాసంలో సెంటీమీటరుకి 8.3 గ్రాములు మించకూడదు. 21.1 సెంటీమీటర్ల డ్రైవర్‌కి అది 175.1 గ్రాములు. అంతకంటే ఎక్కువ తూగితే మీ దగ్గరున్నది అరుదైన రన్ అనుకునే ముందు కాంటా సరిచూసుకోండి.

నంబర్ల సంగతి కూడా ఇక్కడే. డిస్ట్రాయర్ మీద 12, 5, -1, 3 అని ఉంటుంది: వేగం, గ్లైడ్, టర్న్, ఫేడ్. అవి కంపెనీ ఆ మోడల్‌కి ఇచ్చిన రేటింగు. ఒక్కో రన్‌ని విసిరి చూసి రాసినవి కావు.

అపోహ: గ్రౌండ్‌లో నాలుగు వేసి చూస్తే ఏ రన్ ఎట్లా ఉందో తేలిపోతుంది.

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, ఎందుకంటే కళ్ల ముందు ఎగిరినదాన్ని కాదనడం కష్టం. ఎదురుగాలి కొంచెం వీస్తే చాలు, ఏ డిస్కైనా అండర్‌స్టేబుల్ అయినట్టు కనిపిస్తుంది. వెనకగాలి ఎంత మాయ చేస్తుందంటే, 2016లో నెవాడాలోని ప్రిమ్ ఎడారిలో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 338 మీటర్లు విసిరాడు. రికార్డుల కోసం అంత దూరం ఎడారికి పోవడమే గాలి కోసం.

మన ఎండ సంగతీ ఉంది. డిసెంబరు పొద్దున 15 డిగ్రీలు, మే మధ్యాహ్నం 44 డిగ్రీలు అనుకుంటే, గాలి చిక్కదనం దాదాపు 9 శాతం తగ్గుతుంది. పల్చటి గాలిలో డిస్క్ కాస్త ఓవర్‌స్టేబుల్‌గా పోతుంది. చలికాలంలో పాత రన్ వేసి, ఎండాకాలంలో కొత్త రన్ వేసి “ఇది తిరగట్లేదు భయ్” అంటే ఆ తప్పు ఫ్యాక్టరీది కాదు.

సరిగ్గా పోల్చాలంటే మేం చేసేది చెప్తాను. వానాకాలం వరి కోతలయ్యాక హసన్‌పర్తి వైపు ఖాళీ పొలాలు దొరుకుతాయి. రైతుని అడిగి, గాలి లేవకముందే పొద్దున్నే దిగాలి. కొయ్యకాళ్లలో డిస్క్ జారకుండా పడ్డచోటే ఆగుతుంది కాబట్టి దూరం కొలవడం తేలిక. డిస్కుల అడుగున టేపు ముక్క అంటించి అ, ఆ, ఇ అని రాస్తాం. ఏది ఏ రన్ అన్నది విసిరేవాడికి తెలియకూడదు, చేతికి అందించేవాడికి మాత్రమే తెలియాలి. ఒకే రన్‌వి వరసగా కాకుండా కలగలిపి అందించాలి, లేకపోతే చెయ్యి వేడెక్కాక వేసిన రన్‌కి పేరొస్తుంది. దూరంతోపాటు ఎటు ఎంత పక్కకి పోయిందో కూడా రాసుకోవాలి, రన్ తేడా ముందుగా బయటపడేది అక్కడే. ఇట్లా చేసిన మొదటి రోజే మా బ్యాచ్‌లో చాలా కథలు చప్పబడ్డాయి. కొందరికి కోపం కూడా వచ్చింది.

ఇంకో మాట, కొంచెం కటువుగానే ఉంటుంది. వంద మీటర్లు దాటించలేని చేతికి 12 వేగం డ్రైవర్లలో ఏ రన్ అయినా ఒకటే. డిస్క్ కుడికి వాలేంత వేగమే అందదు, ప్రతిదీ ఎడమకే పడుతుంది. అలాంటివాళ్లు రన్ కోసం డబ్బులు పోసేకంటే తక్కువ వేగానికే సరిగ్గా ఎగిరే 7 వేగం ఫెయిర్‌వే డ్రైవర్ ఒకటి కొనుక్కుంటే ఇప్పుడే దూరం పెరుగుతుంది.

అపోహ: పాత రన్‌లు మెత్తగా, సూటిగా ఎగిరేవి, ఇప్పటివి మొండివి.

పాతది కొన్నప్పుడు ఎట్లా ఎగిరిందో ఎవరికి గుర్తుంది? చెట్లకీ రాళ్లకీ తగిలి, మొరం మీద ఈడ్చుకుపోయి, రిమ్ ముక్కు అరిగి అది అండర్‌స్టేబుల్ అయ్యింది. కొత్తదాన్ని దాంతో పోల్చడం రన్‌ల పోలిక అవ్వదు. మన మొరం గ్రౌండ్లలో ఇది పచ్చిక మైదానాల కంటే చాలా తొందరగా జరుగుతుంది. కొత్త డిస్క్ అంచున ఫ్లాష్ గరుకుగా తగిలితే సన్నటి ఎమరీ పేపరుతో మెత్తగా తీసేసుకోవచ్చు, నిబంధనలు అంతవరకు ఒప్పుకుంటాయి. డిస్క్ ఎగిరే తీరే మారేలా రుద్దితే మాత్రం అది పోటీల్లో చెల్లదు.

ఇష్టమైన డ్రైవర్‌కి జోడీ కావాలంటే బావమరిదికి రన్ పేరు చెప్పి పంపకండి, షాపులో ఉన్నవాళ్లకే అర్థం కాకపోవచ్చు. మీ డిస్క్‌ని గట్టు మీద పెట్టి, కంటి ఎత్తులో పక్కనుంచి ఫోటో తీసి పంపండి. షాపులో అదే మోడల్‌వి రెండు మూడు బల్ల మీద పెట్టి అట్లాగే ఫోటో తీయమనండి. డోమ్, ముక్కు ఎత్తు రెండూ కలిసినదాన్ని, బరువు అడిగి తీసుకోమనండి. సూట్‌కేసులో నిలువుగా కుక్కకుండా బట్టల మీద పడుకోబెట్టి తెమ్మని కూడా చెప్పండి.